మూలన పడ్డ సైకిలు నుంచి పనికొచ్చే సామాను తీయడం ఎలా?

విజయనగరంలో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి దిగినా మెట్ల కింద ఒక సైకిలు కనిపిస్తుంది. టైర్లు గాలి పోయి నేలకు అతుక్కుని ఉంటాయి, సీటు మీద వేలిమందాన దుమ్ము, హ్యాండిల్‌కి ఎవరో తగిలించి మర్చిపోయిన గోనెసంచి. పిల్లాడు ఇంజినీరింగుకి వెళ్లిపోయి ఉంటాడు, లేదంటే ఇంట్లోకి స్కూటీ వచ్చి ఉంటుంది. 'బడికొస్తా' పథకంలో హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్లు మా వీధిలోనే రెండు ఇలా ఉన్నాయి. నెల్లిమర్ల వైపు వెళ్తే జూట్ మిల్లు షిఫ్టులకు తొక్కిన పాత 28 ఇంచీల బండ్లు పశువుల పాక గోడకు ఆనించి ఉంటాయి.

ఇలాంటివి తెచ్చి విప్పి, రెండు మూడు చచ్చిన సైకిళ్ల నుంచి ఒక నడిచే సైకిలు కట్టడం నాకు ఆదివారం పని. నేను మెకానిక్‌ని కాదు, మాస్టారిని. పాడు చేసి పాడు చేసి నేర్చుకున్నాను కాబట్టి, ఎక్కడ పాడవుతుందో మీకు చెప్పగలను.

ముందు అడగండి

మొదటి తప్పు ఇక్కడే చేశాను. ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ "అది ఎవురిదీ కాదు మాస్టారూ, అట్టుకుపోండి" అన్నాడు. పట్టుకొచ్చి ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని ముక్కలు చేశాను. బుధవారం మూడో అంతస్తు పెద్దాయన ఫోను. ఆ సైకిలు వాళ్ల నాన్నగారిదట, ఆయన పోయాక తీయబుద్ధి కాక అక్కడే ఉంచారట. ఏం మాట్లాడాలో తోచలేదు. రెండు రోజులు కూర్చుని మళ్లీ మొత్తం బిగించి, తుడిచి, గాలి కొట్టి ఇచ్చాను. చివర్లో ఒక వాషరు మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.

దుమ్ము పట్టినంత మాత్రాన వదిలేసినట్టు కాదు. అపార్టుమెంటు అయితే అసోసియేషన్ వాళ్లతో చెప్పించి, సైకిలుకి ఒక చీటీ కట్టండి: "ఈ సైకిలు ఎవరిదో చెప్పండి, వద్దనుకుంటే నాకు ఇవ్వండి", కింద మీ ఫోను నంబరు. ఒక నెల ఆగండి. ఇచ్చినవాళ్ల దగ్గర తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాయించుకోండి: పేరు, తేదీ, సైకిలు కంపెనీ, ఫ్రేము నంబరు, సంతకం. నంబరు సాధారణంగా సీటు కింది గొట్టం మీదో, పెడళ్ల మధ్య ఉండే గొట్టం అడుగునో కొట్టి ఉంటుంది. తుప్పు తుడిచి, తడి సుద్దముక్కతో రుద్దితే అంకెలు తేలతాయి.

రోడ్డు పక్క కరెంటు స్తంభానికి గొలుసేసి ఉన్నవి, రైల్వే స్టేషను స్టాండులోవి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరవి ముట్టుకోవద్దు. ఎన్నాళ్ల నుంచి ఉన్నా సరే. దొరికిన వస్తువును సొంతదారుడి కోసం వెతక్కుండా దురుద్దేశంతో వాడేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం. దొంగసొత్తని తెలిసీ తీసుకుంటే 317. అలాంటి సైకిలు కనబడితే పోలీసు స్టేషన్లోనో వార్డు సచివాలయంలోనో చెప్పండి. 1861 నాటి పోలీసు చట్టం ప్రకారం, ఎవరిదో తెలియని సొత్తు గురించి ప్రకటన వేసి, సొంతదారు రావడానికి ఆరు నెలలు గడువిస్తారు. ఆ తర్వాత వేలం. స్టాండుల్లోవి కావాలంటే కూడా వేలం దారే. ఇంతా ఎందుకని అనిపించవచ్చు గానీ, ఊళ్లో అడిగి తెచ్చుకునే సైకిళ్లే మీరు విప్పగలిగినదానికంటే ఎక్కువ.

అడగడానికి మంచి సమయం దసరా ముందు వారం. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని ఇల్లంతా దులుపుతుంటారు. అప్పుడు అడిగితే "బేగి అట్టుకెల్లండి బాబూ" అని వాళ్లే ఎదురొస్తారు.

దగ్గర ఏమేం ఉండాలి

పానాల సెట్టు ఒకటి, అందులో 15 నంబరు సన్నపాటిది తప్పనిసరి. స్క్రూ స్పానరు, కటింగ్ ప్లయరు, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, కేజీ బరువుండే సుత్తి, ఇనప బ్రష్షు. పానాకు తొడగడానికి మూరెడు ఇనప గొట్టం, బలం చాలనప్పుడు అదే దిక్కు. డీజిలు అర లీటరు, గ్రీజు డబ్బా, పాత పంచె ముక్కలు. నట్లు, వాషర్లు వేసుకోవడానికి పెరుగు డబ్బాలు నాలుగు.

చేతులకు గ్లౌజులు వేసుకోండి. తుప్పు రేకు గీసుకుంటే టీటీ ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నామా అని ఆ రాత్రంతా టెన్షన్. ఇంకో మాట: సీటు కింద, హ్యాండిల్ గొట్టాల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. నాకు ఒకసారి జెర్రి ఎదురైంది, ఒకసారి కందిరీగల గూడు.

విప్పకముందు పది నిమిషాలు చూడండి

అన్నీ విప్పి అప్పుడు చూద్దామనుకుంటే రోజు పోతుంది. ముందే లెక్క వేసుకోవాలి.

ముందు చక్రం దగ్గర కూర్చుని ఫ్రేమును పక్కనుంచి చూడండి. ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న సైకిలుకి హ్యాండిల్ గొట్టం వెనకాల, కింది గొట్టం మీద రంగు ముడతలు పడి ఉంటుంది. వేలితో రాస్తే చిన్న బొబ్బలా తగులుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లు వెనక్కి వంగి ఉంటాయి. ఆ రెండింటిలో ఏది కనిపించినా ఫ్రేము, ఫోర్కు రెండూ తూకానికే. ఫోర్కును వంచి సరిచేయిస్తామనేవాళ్లు ఉంటారు. వద్దు. నడుస్తుండగా విరిగితే పళ్లు రాలేది మీవి కాదు, మీరు ఆ సైకిలు ఇచ్చిన పిల్లవి.

చక్రాలు ఎత్తి తిప్పండి. కొద్దిగా అటూ ఇటూ ఊగితే బెండు తీయించవచ్చు. ఒకేచోట లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఆ రిమ్ము వదిలేయండి. రిమ్ము తుప్పు విషయంలో చాలామంది పొరబడతారు. పాత రాడ్ బ్రేకు సైకిళ్లకు బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి అంచుకి, అంటే ఇరుసు వైపుకి పట్టుకుంటుంది. కాబట్టి పక్కల మీద తుప్పు చూసి దాన్ని పారేయనక్కర్లేదు. తీగ బ్రేకుల సైకిళ్లకు రబ్బరు పక్కలకే పడుతుంది. అక్కడ తుప్పు గుంటలు పడితే బ్రేకు పట్టదు, ఉంచొద్దు.

చింతపల్లి, కోనాడ వైపు సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన సైకిలైతే నేను పెద్దగా ఆశ పెట్టుకోను. ఉప్పుగాలికి చువ్వలు, వాటిని రిమ్ముకి బిగించే నిప్పిల్స్ ఒకే ముద్దయిపోయి ఉంటాయి. దాన్నుంచి లోపలి సామాను ఒకటి రెండు దొరికితే చాలు.

ముందు రోజు రాత్రి

సైకిలు నా దగ్గరికి వచ్చిన రోజు ఒక్క నట్టు కూడా తిప్పను. ప్రతి నట్టు తుప్పును ఇనప బ్రష్షుతో గీకి, డీజిల్లో కాస్త ఇంజినాయిలు కలిపి, సీసా మూతకు చిల్లు పెట్టి చుక్కలు చుక్కలుగా వేస్తాను: పెడళ్ల మొదట్లో, చక్రాల నట్లకు, సీటు గొట్టం చుట్టూ, హ్యాండిల్ మధ్య బోల్టుకు. పొద్దున ఇంకోసారి. ఈ ఓపిక లేక మొదట్లో ఎన్ని నట్ల మూలలు అరగదీశానో. మూలలు అరిగిన నట్టును ఇక పానా పట్టదు, రంపమే. డీజిలు పని బయట గాలిలో చేయండి, పొయ్యికి, అగరొత్తికి దూరంగా. మిగిలింది కాలువలో పారబోయకండి, సీసాలో వడకట్టుకుంటే మళ్లీ పనికొస్తుంది.

విప్పే వరస

వరస తప్పితే పని రెండింతలు. చక్రాలు, చైను ఇంకా ఉండగానే పెడళ్లు తీయాలి, ఎందుకంటే సైకిలు నేల మీద నిలబడి ఉంటేనే మీ బలానికి ఎదురుబలం దొరుకుతుంది. కుడి పెడలు మామూలు మరే. ఎడమ పెడలుది మాత్రం తిరగమర, గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితే వదులవుతుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. పానాను నిటారుగా పైకి ఉండేలా పెట్టి, దాని తలను వెనక చక్రం వైపుకి నెట్టండి. రెండు పక్కలా అదే. నేను ఇది తెలియక ఎడమ పెడలును అరగంటసేపు ఇంకా ఇంకా బిగించాను. చివరికి గొట్టం తొడిగి మరీ బిగించాను.

తర్వాత కాటర్ పిన్నులు. క్రాంకును, అంటే పెడలు బిగించే ఇనప చేతిని, ఇరుసుకి పట్టి ఉంచే ఈ చిన్న ఇనప మేకు దగ్గరే కొత్తవాళ్లందరూ ఓడిపోతారు. నట్టు పూర్తిగా తీసేసి పిన్ను కొన మీద కొడితే మర నలిగి పుట్టగొడుగులా పరుచుకుంటుంది, ఇక అది రాదు. నట్టును పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేయండి. క్రాంకు కింద, సరిగ్గా పిన్ను పక్కన, నేలకు ఆనేలా ఒక చెక్కదిమ్మో లావు గొట్టమో నిలబెట్టండి. లేకపోతే దెబ్బంతా ఇరుసు చుట్టూ తిరిగే ఇనప గోలీల మీద పడి, అవి కూర్చునే కప్పులకు గుంటలు పడతాయి. ఇప్పుడు కొట్టాలి. నేను భయం భయంగా టకటకమని ఇరవై దెబ్బలు కొడుతుంటే, గంటస్తంభం దగ్గర సైకిలు షాపు పెద్దాయన చూసి నవ్వాడు. "ఏటి మాస్టారూ, దాన్ని జోకొడతన్నారేటి? ఒక్కటే దెబ్బ ఎయ్యండి, అదిరిపోవాల." ఆయన చేతిలో నిజంగానే ఒక్క దెబ్బకు వచ్చింది. చిన్న దెబ్బలు పిన్నును నలుపుతాయి, పెద్ద దెబ్బ కదుపుతుంది. వచ్చిన పిన్నును దాచుకోవద్దు. కొత్తది చవక, పాతది వదులుగా కూర్చుని క్రాంకు కన్నాన్ని తినేస్తుంది.

చైను విప్పాలంటే చేపతోక ఆకారంలో ఉండే లాకు క్లిప్పును ప్లయరుతో జార్చండి. మళ్లీ వేసేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకి ఉండాలి.

వెనక చక్రం తీశాక ఫ్రీవీలు, అంటే దానికి చైను పట్టే పళ్ల చక్రం. దీనికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అది నేను కొనలేదు, చక్రం తీసుకెళ్లి షాపులో ఇస్తాను. టీ తాగేలోపు వచ్చేస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఫ్రీవీలు తీయకముందు చువ్వలు విప్పొద్దు, కోయొద్దు. చువ్వలు పోయాక చక్రం నడిమి హబ్బును పట్టుకోవడానికి ఏమీ మిగలదు, మంచి ఫ్రీవీలు, మంచి హబ్బు ఒకదానికొకటి అతుక్కుని రెండూ పోతాయి.

హ్యాండిల్ పైన ఉన్న బోల్టును నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్క పెట్టి సుత్తితో ఒకటి తట్టండి. లోపలి బిరడా కిందికి జారుతుంది. తర్వాత ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ మెలితిప్పితే పైకి వస్తుంది. అందుకే ముందు చక్రాన్ని ఇప్పటిదాకా తీయకూడదు.

చివరగా పెడళ్ల ఇరుసు. ఎడమ పక్క కప్పుకి రింగు ఉంటుంది, రింగు తీసి కప్పు విప్పితే గోలీలు జారి పడతాయి. కింద గుడ్డ పరిచి విప్పండి. కుడి పక్క కప్పుది తిరగమర. దాన్ని ఊరికే విప్పకండి. టార్చి వేసి లోపల చూడండి, బాగుంటే అక్కడే ఉండనివ్వండి.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి

మెరుపు చూసి మోసపోయాను చాలాసార్లు. నికెల్ పూత మిలమిలలాడే హబ్బు లోపల గుంటలు పడి ఉండేది. నల్లటి గ్రీజు గడ్డకట్టి అసహ్యంగా ఉన్నదాన్ని డీజిల్లో కడిగితే లోపల అద్దంలా ఉండేది, ఆ గ్రీజే దాన్ని కాపాడింది.

కోన్లు (ఇరుసు మీద ఉండి గోలీలను కప్పులోకి నొక్కి పట్టేవి), కప్పులు పరీక్షించడానికి బాల్‌పెన్ను చాలు. కడిగి తుడిచాక, గోలీలు తిరిగే దారి మీద పెన్ను మొనను మెల్లగా ఒక చుట్టు తిప్పండి. నున్నగా జారితే మంచిది. ఎక్కడైనా టక్కున తగిలితే అక్కడ గుంట ఉన్నట్టు, కంటికి కనబడకపోయినా సరే. కోనుకి గుంట పడితే కోను మార్చుకోవచ్చు. హబ్బు కప్పుకి పడితే నేను హబ్బే పక్కన పెడతాను.

గోలీలు ఎంత బాగున్నా పాతవి వాడొద్దు. సైజు మాత్రం చూసుకోండి, సంఖ్య లెక్కపెట్టి రాసుకోండి. మామూలు సైకిలుకి ముందు హబ్బులో పక్కకు పది చొప్పున 3/16 ఇంచీవి, వెనక హబ్బులో పక్కకు తొమ్మిది పావు ఇంచీవి, పెడళ్ల ఇరుసులో పక్కకు పదకొండు పావు ఇంచీవి. కొత్తవి వేసేటప్పుడు ఇంకొకటి పట్టేలా ఉందని ఇరికించకండి, ఒకదానికొకటి రాసుకుని బిగుసుకుంటాయి.

చైనును స్కేలుతో కొలవండి. ఒక పిన్నును సున్నాగా పెట్టుకుని 24వ పిన్ను దాకా కొలిస్తే కొత్త చైను సరిగ్గా 12 ఇంచీలు, అంటే 30.5 సెంటీమీటర్లు. 30.8 వస్తే ఆ చైను పని అయిపోయింది. అది కొత్త ఫ్రీవీలు పళ్లను కూడా కొరికేస్తుంది. తుప్పు పట్టినా కొలత సరిగా ఉంటే, రాత్రంతా డీజిల్లో నానబెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు. ఫ్రీవీలు పళ్లు ఒక పక్కకు వంగి సొరచేప రెక్కల్లా ఉంటే పారేయడమే. పళ్లు బాగుండి శబ్దం చేయకపోతే లోపల గ్రీజు గడ్డకట్టిందని అర్థం. డీజిల్లో ముంచి తిప్పుతూ కడిగి, నాలుగు చుక్కల నూనె వేస్తే టిక్ టిక్ మంటుంది. మూత విప్పి చూద్దామని మాత్రం అనుకోకండి, ఆవగింజల్లాంటి గోలీలు ఇల్లంతా దొర్లుతాయి.

బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు ఏ పరిస్థితిలోనూ పాతవి వాడొద్దు. రాడ్ బ్రేకు కమ్మీలు, వాటి క్లిప్పులు మాత్రం ప్రతిదీ దాచండి. అట్లాస్ సైకిళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిలు దినోత్సవం రోజున, మూతపడింది. సరిగ్గా అదే అచ్చు సామాను కావాల్సిన పాత బండి తాతలు ఇప్పుడు నా డబ్బా వెతుక్కుంటూ వస్తున్నారు. క్యారేజీలు, డబుల్ స్టాండులు, స్ప్రింగుల సీట్లు కూడా వదలొద్దు, పాలవాళ్లకు కావాలి. చువ్వల మీద నేను టైము పెట్టను.

సైజుల గొడవ

26 అంటే అన్నీ ఒకటే అనుకుని ఒకసారి టైరు కోసం ఊరంతా తిరిగాను. లేడీస్ సైకిలుది 26 x 1 3/8, గేరు సైకిలు తరహాది 26 x 1.95. రెంటి మీదా 26 అనే ఉంటుంది, కానీ రిమ్ములు వేరు. టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డకొలత మొదటిది 590 మిల్లీమీటర్లు, రెండోది 559. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. పాత పెద్ద సైకిలు 28 x 1 1/2, దానిది 635. టైరు పక్కన ఈ అంకె ఉంటుంది, చూసి రిమ్ము మీద మార్కరుతో రాసుకోండి. హబ్బు, రిమ్ము జత కలపాలంటే చువ్వల కన్నాలు కూడా లెక్కపెట్టాలి. పాత బండ్లకు సాధారణంగా ముందు 32, వెనక 40.

మిగిలింది

కోన్లు, నట్లు, ఇరుసులకు గ్రీజు పూసి, ఏ చక్రానివి ఆ డబ్బాలో వేసి, మూత మీద రాయండి. ఎడమ పెడలును వైరుతో చుట్టి గుర్తు పెట్టండి. పనికిరాని ట్యూబులను పొడుగ్గా పట్టీలు కోస్తే క్యారేజీ మీద బియ్యం బస్తా కట్టడానికి తాడుకంటే నయం. టైర్లను మాత్రం పెరట్లో పడేయకండి. వాన నీళ్లు నిలిస్తే డెంగీ దోమకు అంతకంటే మంచి ఇల్లు లేదు. పాత సామాన్ల బండి వచ్చేదాకా ఎండలో కాదు, నీడలో, తడవని చోట నిలబెట్టండి.

ఫ్రేమును తూకానికి వేసేటప్పుడు, సైకిలు ఇచ్చినవాళ్లు రాసిచ్చిన కాగితానికి జిరాక్సు తీయించి పాత సామాన్ల కొట్టువాడికి ఇచ్చి, అసలుది మీ దగ్గర ఉంచుకోండి. వేసే ముందు సీటు గొట్టంలోకి టార్చి వేసి చూడండి. కొందరు రెండో తాళంచెవిని పురికొసకు కట్టి అందులో వేలాడదీస్తారు. నాకు అలాగే ఒకటి దొరికింది, దాని తాళం నేను అప్పటికే సుత్తితో పగలగొట్టి ఉన్నాను.